కర్ణుడి చావుకు మరో కారణం

ఏదైనా వ్యవహారం చెడిపోయి తప్పు ఎవరి నెత్తిన పెట్టాలో తేలకపోతే 'కర్ణుడి చావుకు కారణాలనేకం' అనేసి కండువా దులుపుకుని లేస్తాం. ఆ జాబితా మాత్రం చాలా పక్కాగా ఉంటుంది. అక్కరకు అస్త్రం గుర్తుకు రాకూడదన్న పరశురాముడి శాపం, ఆవును పోగొట్టుకున్న బ్రాహ్మణుడి శాపం, ఇంద్రుడు అడిగి పట్టుకుపోయిన కవచకుండలాలు, కుంతికిచ్చిన మాట, రథం తోలుతూనే గుండె నీరుగార్చిన శల్యుడు, అన్నిటికీ పైన కృష్ణుడు. ఈ ఘట్టాన్నే ఎవరో కామిక్స్‌గా గీశారనుకుందాం. మొదటి గడిలో ఇరుసు దాకా నేలలో దిగబడ్డ చక్రం, దాన్ని ఎత్తబోతూ వంగిన మనిషి. రెండో గడిలో చెవిదాకా లాగిన అల్లెతాడు. మూడో గడిలో ఎవరూ లేని రథం, దాని వెనక పొద్దువాలుతున్న సూర్యుడు. బాణం వదిలినట్టు, మెడకు తగిలినట్టు, తల నేలరాలినట్టు ఎక్కడా గీయలేదు. అయినా చదివినవాడు అదంతా చూశాడు. అంటే రెండో గడికీ మూడో గడికీ మధ్యనున్న పావు అంగుళం తెల్లకాగితం మీద ఎవరో బాణం వదిలారు. బొమ్మలో అర్జునుడు వదల్లేదు, గీసినవాడు గీయలేదు. మిగిలింది చదివినవాడొక్కడే.

ఈ సంగతిని కామిక్స్ గురించి రాసినవాళ్లు ఎప్పుడో పట్టుకున్నారు. అమెరికన్ కామిక్స్ రచయిత స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో అచ్చేసిన పుస్తకంలో గొడ్డలి ఎత్తిన మనిషిని ఒక గడిలో, రాత్రివేళ నగరం మీద వినిపించే కేకను పక్క గడిలో గీసి, ఆ గొడ్డలి దించింది పాఠకుడేనని చూపించాడు. గడుల మధ్య సందును కామిక్స్ వాళ్లు గట్టర్ అంటారు. అందులో పాఠకుడు చేసే పూరణే ఈ కళకు ప్రాణమని ఆయన వాదన. ఆయన చూపించింది హత్య కాబట్టి విషయం అక్కడితో ఆగిపోయింది. మనం గీస్తున్నది కర్ణవధ. ఇక్కడ చంపినవాడు ధర్మం పేరుతో చంపాడు, చంపమన్నవాడు దేవుడు, చచ్చినవాడి పక్షాన సగం దేశం ఇప్పటికీ కన్నీళ్లు పెట్టుకుంటోంది. ఇలాంటి కథలో ఆ బాణాన్ని పాఠకుడి చేతికివ్వడం ఒట్టి గీతల మెళకువ అయిపోదు. పురాణకథను గడులుగా కోస్తున్నప్పుడు ఏది గీయాలి, ఏది వదిలేయాలి, వదిలేసినదానికి జవాబుదారీ ఎవరు అన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. కామిక్స్ నేర్చుకోవడమంటే గీత కుదరడం, అనాటమీ రావడం అనుకుంటారు. అవి రావలసినవే. కానీ అసలు విద్య కోత ఎక్కడ పెట్టాలన్నది, ఆ కోత చుట్టూ మన దర్శనాలు వందల ఏళ్లు తగువులాడుకున్నాయి. ఈ రెంటినీ కలిపి చదివితేనే ఈ కళ సంగతి తేలుతుందన్నది నా వాదన.

ఈ ప్రశ్నను హైదరాబాదుకు తూర్పున, ఉప్పల్-నాచారం పక్క నిలబడి అడగడంలో ఒక అర్థముంది. తెలుగువాళ్ల కర్ణుడు ఒక విధంగా నాచారం మనిషి. ఎన్టీఆర్ అక్కడ రామకృష్ణా స్టూడియో కట్టుకుని, ఆ రోజుల్లోనే 'దానవీరశూరకర్ణ' తీశారు. 1977 జనవరి 14న, కృష్ణ నటించిన 'కురుక్షేత్రం' విడుదలైన రోజే, అదీ విడుదలైంది. దాదాపు నాలుగు గంటల సినిమా. నిర్మాత ఆయనే, దర్శకుడు ఆయనే, కృష్ణుడూ దుర్యోధనుడూ కర్ణుడూ ఆయనే. చంపమని చెప్పినవాడు, చచ్చినవాడు, ఎవరి స్నేహం కోసం చచ్చాడో ఆ మనిషి, ముగ్గురికీ ఒకే ముఖం. బాణం వేసే అర్జునుడు సొంత కొడుకు హరికృష్ణ. దీన్ని ఒక మహానటుడి సరదాగానో, పంతంగానో చెప్పుకుని వదిలేయడం అలవాటైపోయింది గానీ, బొమ్మలతో కథ చెప్పడం నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి ప్రయోగం దొరకదు. హాల్లో కూర్చున్న లక్షలమందిలో ఒక్కరైనా ముగ్గురినీ ఒకరనుకుని తికమకపడ్డారా? పడలేదు. కిరీటం, మీసం, నడక, మాట విరుపు కొంత సాయం చేశాయి, కాదనను. కానీ అసలు తేడా చూపించింది అంతకుముందు షాటులో ఎవరు ఎవరితో ఏమన్నారన్న జ్ఞాపకం. మనిషి ఎవరో ముఖాన్ని బట్టి గాక వరుసను బట్టి తెలిసింది.

న్యాయదర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, ఈ మాట వింటే ఎగిరి గంతేసేవాళ్లే. నిన్న చూసిన దేవదత్తుడే ఇవాళ్టి ఈ దేవదత్తుడు అని గుర్తుపడుతున్నామంటే, నిన్నా ఇవాళా కూడా ఉన్న చూసేవాడొకడు ఉండి తీరాలి, అదే ఆత్మ అని వాళ్ల వాదం. ఆ గుర్తుపట్టడాన్నే ప్రత్యభిజ్ఞ అన్నారు. బౌద్ధులు ఒప్పుకోలేదు. కత్తిరించాక మళ్లీ పెరిగిన గోళ్లను చూసి అవే గోళ్లు అంటాం, క్షణక్షణానికీ మారే దీపపు మంటను చూసి అదే దీపం అంటాం. అలాగే ఉన్నవి విడివిడి క్షణాలు మాత్రమే, వాటిని కలుపుతున్నది పోలికవల్ల పుట్టిన భ్రమ అన్నారు. కామిక్స్ పేజీ చూస్తే బౌద్ధులదే గెలుపులా అనిపిస్తుంది. అక్కడ నిజంగానే విడివిడి క్షణాలు తప్ప మరేమీ లేవు. మొదటి గడిలోని కర్ణుడూ రెండో గడిలోని కర్ణుడూ వేర్వేరు సిరా మరకలు. కానీ నాచారం సినిమా బౌద్ధుల పోలికనూ నిలవనివ్వదు. అక్కడ పోలిక నూటికి నూరుపాళ్లు ఉంది, అయినా మనం 'వీడు వాడు కాదు' అన్నాం. పోలిక కలపమంటుంటే మనం కలపనన్నాం. అంటే కలపడమో విడదీయడమో బొమ్మలో జరగడం లేదు, పోలిక దానికి చాలడమూ లేదు. అది చూసేవాడు వెనకటి గడులనుంచి మోసుకొచ్చిన దాంట్లో జరుగుతోంది. ఆ మోసుకొచ్చే సరుకును రెండు పక్షాలవాళ్లూ ఒప్పుకుని సంస్కారమన్నారు, వాసన అన్నారు. ఆత్మ ఉందా లేదా అన్న తగువు నేనిక్కడ తీర్చబోవడం లేదు. కామిక్స్ గీసేవాడికి కావలసింది ఇద్దరూ ఒప్పుకున్న ఆ భాగమే.

సాతవాహన రాజుకు లేఖ రాశాడని సంప్రదాయం చెప్పే నాగార్జునుడు ఇంకా లోతుకు తవ్వాడు. మూలమధ్యమకకారికల రెండో ప్రకరణమంతా కదలిక మీదే. దాటిపోయిన దారిలో ఇప్పుడు నడక జరగడం లేదు, ఇంకా దాటని దారిలోనూ జరగడం లేదు. ఈ రెండూ కాని మూడో చోటు చూపించమంటే చూపించలేం. బాణానికి దీన్ని పట్టించి చూడండి. వింటిని వదలని బాణాన్ని గీయవచ్చు, తగిలిన బాణాన్ని గీయవచ్చు. గాలిలో గీసినా అది ఒకచోట నిలిచిన బాణమే. వేగం చూపించడానికి దాని వెనక గీతలు గీస్తారు, అది గీసేవాడు తన నిస్సహాయతకు పెట్టుకున్న ముద్దుపేరు. ఎన్ని గడులు పెంచినా కదలిక గడిలోకి రాదు. పది గడుల్లో గీస్తే తొమ్మిది సందులు వస్తాయి, అంతే. కాబట్టి బొమ్మలు నేర్చుకునేవాళ్లు మొదటి ఏడాదిలోనే ఒప్పుకోవలసిన సత్యం ఒకటుంది: జరిగేది ఏదీ గీయడానికి దొరకదు, జరగబోయేదీ జరిగిపోయినదీ దొరుకుతాయి.

మన శిల్పులకు ఇది తెలుసని అమరావతి స్తూపం నుంచి వచ్చిన ఒక గుండ్రటి ఫలకం చెబుతుంది. ఇప్పుడది చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. రాజగృహం వీధిలో నాలాగిరి అనే మదపుటేనుగు. ఎడమవైపు అది మనుషుల్ని తొక్కుతూ, తొండంతో చుట్టి విసురుతూ వస్తోంది. కిటికీల్లోంచి ఆడవాళ్లు భయంగా చూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంది. రెండు ఏనుగుల మధ్య గీత లేదు, గడి లేదు, వీధి ఒకటే. ఏనుగులో కోపం చల్లారిన క్షణం ఎక్కడుందని వెదికితే రాతిలో దొరకదు. ఆ శిల్పికి అది చెక్కే శక్తి లేకా? కిటికీలో కనిపించే ఆ ఆడవాళ్ల ముఖాలు చెక్కినవాడికి ఏదీ అసాధ్యం కాదు. వదిలేశాడు. మనసు మారడం లాంటి పని పక్కవాడు చెక్కి చూపిస్తే నమ్మబుద్ధి కాదు, మన లోపల జరిగితేనే నమ్ముతాం. అదే అమరావతిలో అంతకు ముందుతరం శిల్పులు బుద్ధుణ్నే చెక్కలేదు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు పెట్టి చుట్టూ భక్తుల్ని నిలబెట్టారు. అది మతం పెట్టిన నిషేధమా, సంకేతమా అన్న చర్చను చరిత్రకారులకు వదిలేద్దాం. కథనం దృష్టితో చూస్తే, ప్రధానపాత్రను సందులో పెట్టి చుట్టూ కథ నడిపిన సాహసం అది.

ఇక్కడొక పాత అభ్యంతరం ఎదురవుతుంది, అది బలమైనదే. పురాణాన్ని వినాలి, చూడకూడదంటారు. పౌరాణికుడు చెబుతుంటే ఎవరి రాముడు వాళ్లకు కనిపిస్తాడు, బొమ్మ గీస్తే అందరికీ ఒకే రాముడు మిగులుతాడు, ధ్యానానికి పనికొచ్చే మూర్తి ఒకటుంటే చాలు, వీరగాథలన్నీ గడుల్లో పెట్టి దేవుణ్ని బొమ్మలాట చేయడమెందుకంటారు. ఉప్పల్ రింగు రోడ్డు మీదుగా వరంగల్ దారి పట్టి, జనగామ దగ్గర పక్కకు తిరిగి వెళితే వచ్చే చేర్యాల ఈ అభ్యంతరానికి తరతరాలుగా జవాబిస్తోంది. అక్కడి నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద కథలు గీస్తారు. పాతకాలపు పటం 3 అడుగుల వెడల్పు ఉంటే 40 అడుగులు దాటి పొడవుండేది. పైనుంచి కిందికి విప్పుతూ, ఒక్కో గడినీ చూపిస్తూ కథకులు పాడేవాళ్లు. ముదిరాజులకు కాకి పడగలవాళ్లు పాండవుల కథ చెప్పారు, పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయుడి వంశాన్ని చెప్పారు, మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెప్పారు. వినడమా చూడడమా అన్న తగువు ఆ పటం ముందు కూర్చున్నవాళ్లకు పుట్టనేలేదు. ఒక సంగతి మాత్రం గమనించాలి. చేర్యాల పటంలో గడికీ గడికీ మధ్య తెల్లటి సందు ఉండదు, పూలతీగ పట్టీ ఉంటుంది. అక్కడ ఖాళీ అక్కర్లేదు. సందును నింపడానికి పాడే మనిషి పక్కనే ఉన్నాడు. ఈ ఊళ్లో ఈ ఘట్టాన్ని కాస్త లాగాలా, ఆ ఇంటి పెద్ద కంట నీరు పెట్టుకుంటున్నాడు కాబట్టి తొందరగా దాటేయాలా అన్నది అతను అప్పటికప్పుడు తేల్చుకుంటాడు. అచ్చయిన కామిక్స్‌కు ఆ మనిషి లేడు. అతని ఖాళీయే ఆ తెల్లటి సందు.

కాబట్టి బొమ్మ దేవుణ్ని బిగించేస్తుందన్న మాట ఒంటి బొమ్మకు కొంత నిజం. గోడమీది క్యాలెండర్ కృష్ణుడు ఏళ్ల తరబడి అదే చిరునవ్వు నవ్వుతుంటాడు, రెండో గడి లేదు గనక ఆ నవ్వును ఎవరూ ప్రశ్నించలేరు. వరుసబొమ్మల్లో అలా కుదరదు. మొదటి గడిలో నవ్వినవాడు మూడో గడిలో ఎందుకు నవ్వుతున్నాడన్న ప్రశ్న తప్పదు. వరుస దేవుణ్ని కాలంలోకి దింపుతుంది, కాలంలోకి దిగినవాడు ఏదో ఒకటి చేయాలి, చేసినదానికి ఫలితం కనిపించాలి. అవతారమన్న భావనలో ఉన్నది కూడా ఇదే. మూర్తిని పూజించే మతానికీ లీలను చెప్పుకునే మతానికీ మధ్య ఉన్న తేడా, ఒంటి బొమ్మకూ బొమ్మల కథకూ మధ్య ఉన్న తేడా ఒకే జాతివి. తెలుగులో మనకు ఒంటి బొమ్మ మీద మక్కువ ఎక్కువ. 1947లో మొదలైన చందమామ ఎన్ని తరాలకు కళ్లు తెరిపించిందో చెప్పనక్కర్లేదు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, చిత్రా, శంకర్ వేసిన కథాచిత్రాలు మనకు చూడడం నేర్పాయి. అయితే అక్కడ కథను నడిపింది అక్షరం, బొమ్మ ఒక క్షణాన్ని పట్టుకుని పక్కన నిలబడింది. బుజ్జాయి 'డుంబు' లాంటివి వచ్చినా గడులతో నడిచే కథ మనకు పెద్ద సంప్రదాయం కాలేకపోయింది. గడుల ఆలోచన మాత్రం బాపులో ఉంది. తన సినిమాల్ని ముందు కాగితం మీద షాటు షాటుగా బొమ్మలు గీసుకుని ఆ తర్వాత తీసేవారాయన. ఆ కాగితాలు చూస్తే మన కామిక్స్ పాఠశాల ఎక్కడుండేదో తెలుస్తుంది.

ఇప్పుడు అసలైన అభ్యంతరం. దీన్ని దాటకుండా నా వాదన నిలవదు. సందు ఖాళీ అన్నారు, అక్కడ పాఠకుడికి స్వేచ్ఛ అన్నారు; అది ఎప్పుడైనా ఖాళీగా ఉందా అని ఎవరైనా అడగవచ్చు. మీమాంసకులు ఒక చిక్కుముడిని విప్పుతూ చెప్పిన సంగతి ఇక్కడ పనికొస్తుంది. మాటలోని అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తాయి. చివరి అక్షరం చెవిన పడేసరికి మొదటిది పోయింది. మరి అర్థం ఎలా వచ్చింది? చివరి అక్షరం, ముందు అక్షరాలు వదిలి వెళ్లిన సంస్కారాలతో కలిసి అర్థాన్ని ఇస్తుందన్నారు. భర్తృహరి వేరే దారి తొక్కి, అర్థం ముక్కలుగా రాదు, ఒక్కసారిగా మెరుస్తుందన్నాడు. గడుల విషయంలో నాకు మీమాంసకుల దారే నమ్మదగ్గదనిపిస్తుంది. కాకపోతే వాళ్ల సంస్కారం ఆ మాటలోని ముందు అక్షరాలది. కామిక్స్ పాఠకుడి సంస్కారం ఆ పేజీలో మొదలవదు. ఉప్పల్ పక్కనే రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం ఉంది. 1987లో రామానంద్ సాగర్ రామాయణం, మరుసటి ఏడాది చోప్రా మహాభారతం వచ్చినప్పుడు ఆదివారం పొద్దున ఊళ్లు ఎలా ఆగిపోయేవో ఆ తరానికి గుర్తే. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్రకథ లక్షల ఇళ్లలో దేవతలకు ఒక రంగు, ఒక దేహం, ఒక పద్ధతి ఖాయం చేసింది. తెల్లనివాళ్లు మంచివాళ్లు, నల్లగా బలిసినవాళ్లు రాక్షసులు అన్న తూకం అందులో ఎంత గట్టిగా ఉందో దాని విమర్శకులు చూపించారు. నాచారం కృష్ణుడి సంగతి చెప్పనే చెప్పాం. పాఠకుడి ముందు ఒక సందు పెడితే అందులోకి ముందుగా వచ్చి కూర్చునేది వీళ్లే. స్వేచ్ఛ అనుకున్నది కాస్తా ఎవరో ముందే అచ్చేసిన బొమ్మకు అద్దెగది అవుతుంది.

ఈ అభ్యంతరం నిజమే. నేను దీన్ని తోసిపుచ్చను. కానీ దీనివల్ల సందు మానేసి అంతా గీసేయాలన్న తీర్మానం రాదు. అంతా గీసేస్తే పాత బొమ్మే మరింత గట్టిపడుతుంది, అమర్ చిత్రకథలో జరిగింది అదే. అక్కడ చాలా గడుల్లో వివరణ పెట్టె ఒకటి ఉంటుంది, బొమ్మ చూపించినదాన్నే మళ్లీ మాటల్లో చెబుతుంది, పాఠకుడికి పనేమీ మిగలదు. మిగిలిన దారి ఒకటే. సందులోకి ఏం వస్తుందో ముందే తెలుసుకుని, దానికి ఎదురు నిలిచే గడిని పక్కన పెట్టడం. ఆనందవర్ధనుడు ధ్వని గురించి చెప్పినప్పుడు కూడా, చెప్పకుండా వదిలిన అర్థం దానంతట అది పుడుతుందనలేదు. చెప్పిన మాటల ఏర్పాటు వల్లే అది పుడుతుందన్నాడు. వదలడానికి ముందు అమర్చడం ఉంది. మాదిగల జాంబపురాణం భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడని మొదలవుతుంది. ఆ ఒక్క గడి మొదట పెడితే ఆ తర్వాత వచ్చే బ్రహ్మవిష్ణువుల గడులన్నిటి మధ్య సందుల్లో నిండేది మారిపోతుంది. దేవుళ్లు అవే, కథలో వాళ్లు చేసిన పనులు కూడా చాలామటుకు అవే. ఎవరు ముందు ఉన్నారన్నది మారింది. చేర్యాల చిత్రకారుడు ఒకే చేత్తో ఏ కులానికి ఆ కులపురాణం గీసి ఇచ్చాడంటే, పురాణం ఒక్కటే అన్న భ్రమ ఆయనకు లేదన్నమాట. ఇవాళ ఉప్పల్‌లో కూర్చుని టాబ్లెట్ మీద పురాణం గీస్తున్న అమ్మాయికి ఆ జ్ఞానం మళ్లీ కావాలి. ఆమె నేర్చుకోవలసిన పాఠాల్లో పెర్‌స్పెక్టివ్ ఎంత ముఖ్యమో, ఇంటికి ముందే వచ్చి కూర్చున్న బొమ్మలు ఏవో లెక్క తెలియడమూ అంతే ముఖ్యం.

చేతికి వచ్చేలా చూద్దాం. కర్ణుడి పేజీకే తిరిగి వెళ్దాం. మొదటి గడిలో వంగిన కర్ణుణ్ని ఎలా గీయాలి? చక్రం ఎత్తుతున్నాడు కాబట్టి వంగాడు. కానీ వ్యాసుడి కర్ణపర్వంలో ఇంకో వంగడం ఉంది. ధర్మం చూడు, కాస్త ఆగు అని కర్ణుడు అడిగినప్పుడు, ద్రౌపదిని సభకు ఈడ్చిన రోజు నీ ధర్మం ఎక్కడికి పోయిందని కృష్ణుడు అడుగుతాడు. కర్ణుడు సిగ్గుతో తల వంచుకుంటాడు, జవాబివ్వడు. మాటల్లో రాస్తే ఈ రెండూ వేర్వేరు వాక్యాలు. బొమ్మలో రెండూ ఒకే వెన్ను వంపు. ఆ గడిలో వివరణ పెట్టె పెట్టకుండా ఉంటే, బరువుకు వంగాడో సిగ్గుకు వంగాడో పాఠకుడు తేల్చుకోవాలి. అలా తేల్చుకున్నదాన్ని బట్టే తర్వాతి సందులో అతను వదిలే బాణం న్యాయమో అన్యాయమో అవుతుంది. ఇంకొకటి, చెవి. కుండలాలు కోసి ఇచ్చినవాడు కాబట్టి ఆ చెవి ఖాళీగా ఉండాలి. మన సినిమాలూ క్యాలెండర్లూ కర్ణుణ్ని నగలతో తప్ప చూపించవు గనక, పాఠకుడి సంస్కారానికి ఆ ఖాళీ చెవి అడ్డుపడుతుంది. ఒక్క చిన్న గీత తగ్గించడంతో ఇంద్రుడి ఉపకథంతా ఆ గడిలోకి వచ్చింది. కర్ణుడి రథం కుడినుంచి ఎడమకు, అర్జునుడి రథం ఎడమనుంచి కుడికి తిరిగి ఉండాలన్న దిక్కు నియమాన్ని పేజీ అంతటా తప్పకూడదు. తప్పితే బాణం ఎవరిదో తెలియక పాఠకుడు నేరం నుంచి తప్పించుకుంటాడు. ఎక్కుపెట్టిన విల్లు కుడిపేజీ చివరి గడిలో పడాలి. మాటకూ కామిక్స్‌కూ ఇక్కడ ఒక తేడా ఉంది. మాటలో రాబోయే అక్షరం వినపడదు, పేజీలో రాబోయే గడి కంటి కొసన ముందే కనపడిపోతుంది. కాబట్టి ఖాళీ రథాన్ని పేజీ తిప్పాకే చూపించాలి. అప్పుడు బాణం వదలడం, పేజీ తిప్పడం ఒకే చేతి పని అవుతుంది.

ఫోనులో చదివేవాళ్లకు పేజీ తిప్పడం లేదు కదా అనవచ్చు. నిజమే, ఫోనులో కథ పైనుంచి కిందికి జారుతుంది, ఈ ఒక్క విషయంలో చేర్యాల పటం మళ్లీ చేతికొచ్చినట్టే. అక్కడ సందు పొడవే కాలం. బొటనవేలు రెండుసార్లు జరిపితే తప్ప రాని ఖాళీ, విల్లుకూ రథానికీ మధ్య ఎంత పెట్టాలన్నది గీసేవాడి చేతిలో ఉంటుంది. సూత్రం మారలేదు, కొలత మారింది.

కొలత మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల శిక్షణ సంస్థ దశాబ్దాలుగా భూపటాలు గీయడం నేర్పుతోంది. నేల మీద ఉన్నదంతా గీస్తే పటం పనికిరాదని ఆ విద్యలో తొలిపాఠం. చెట్టు వదిలేసి బావి గీస్తారు, బాట వదిలేసి రోడ్డు గీస్తారు. కానీ వదిలేసిన చెట్టును ముందు చూసి, కొలిచి, ఆ తర్వాత వదిలేస్తారు. చూడకుండా వదిలేసిన పటాన్ని ఎవరూ నమ్మరు. పురాణాన్ని గీసేవాడి విషయంలో చివరి అభ్యంతరానికి నా జవాబు ఇందులోంచే వస్తుంది.

ఆ అభ్యంతరం ఏమిటంటే, బాణం పాఠకుడు వదిలాడంటే గీసినవాడు చేతులు కడుక్కున్నట్టే గదా. 'నేను గీయలేదు, నువ్వే ఊహించావు' అన్న మాట చాలామంది బొమ్మలవాళ్లకు కవచకుండలాల్లా ఉపయోగపడింది. హింస అయినా, దైవదూషణ అయినా, కులద్వేషం అయినా సందులో పెట్టి తాము బయట నిలబడడం సులువు. కృష్ణుడు కూడా ఆయుధం పట్టనన్నాడు కదా అని వాదించేవాళ్లూ ఉంటారు. కానీ మహాభారతం కృష్ణుణ్ని వదిలిపెట్టలేదు, యుద్ధమయ్యాక గాంధారి శాపం ఆయన మీదే పడింది, ఆయన దాన్ని ఒప్పుకున్నాడు. కోత పెట్టినవాడిదే మొదటి బాధ్యత. పాఠకుడిది దాని తర్వాతది, అది మొదటిదాన్ని తగ్గించదు. కర్ణుడి చావుకు కారణాల్లో ఇంకొకటి చేరితే పాతవేవీ కొట్టివేతకు గురికావు.

కాబట్టి నేర్చుకునేవాళ్లకు ఒక పని చెప్పవలసి వస్తే, ఇది చెబుతాను. తీసేయాలనుకున్న గడిని ముందు వేరే కాగితం మీద పూర్తిగా గీయాలి. బాణం, మెడ, నేలరాలిన తల, దాని మీద కృష్ణుడి చూపు, అర్జునుడి చేయి వణికిందా లేదా అన్నది, అన్నీ. కృష్ణుడి కళ్లలో ఏముందో గీయడానికి కూర్చుంటే చేయి ఆగిపోతుంది. ఆ ఆగిన చోట గీసేవాడి మతం ఏమిటో బయటపడుతుంది. జాలి గీశాడా, నిశ్చయం గీశాడా, నాచారం చిరునవ్వే మళ్లీ గీశాడా? అది తేలాక ఆ కాగితం పక్కన పెట్టేసి, దాని ముందు గడినీ వెనక గడినీ దానికి తగ్గట్టు సరిదిద్దుకోవాలి. జాలి గీసినవాడు ఖాళీ రథం వెనక సూర్యుణ్ని పెద్దగా గీస్తాడు, నిశ్చయం గీసినవాడు సూర్యుణ్ని అసలు పెట్టకుండా రెండో రథాన్ని కదిలించేస్తాడు. రెండు పేజీల్లోనూ కర్ణవధ కనపడదు, రెండూ వేర్వేరు వధలు.